‘స్త్రీ’లో ఎన్ని అక్షరాలు? ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ కేస్ స్టడీ

శని, ఆదివారాల్లో జూనియర్ డెవలపర్లతో కూర్చుని వాళ్ల పని చూడటం నాకు కొన్నేళ్లుగా అలవాటు. డబ్బు తీసుకోను కాబట్టి మొహమాటం లేకుండా మాట్లాడతాను. ఒక జూనియర్ డెవలపర్ తెలుగు అక్షరాల కోసం చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ, అంటే ఎవరైనా తమ ప్రోగ్రాముల్లో వాడుకోగల కోడ్, కట్టిన కేసు ఇది. బాగా నడిచిందని రాయడం లేదు. ఇందులో మూడు చోట్ల నేనే తప్పు సలహా ఇచ్చాను. మూడోసారి కుర్రాడు నా మాట వినలేదు, వినకపోవడమే మంచిదైంది. అందుకని రాస్తున్నాను. పేరు, ఊరు, కంపెనీ, లైబ్రరీ పేరు తీసేశాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. అతన్ని ఇక్కడ కుర్రాడు అనే అంటాను.

నేపథ్యం

కుర్రాడికి అప్పుడు ఇరవై ఆరేళ్లు. ఒక సర్వీస్ కంపెనీలో నాలుగేళ్లుగా సపోర్ట్ ప్రాజెక్టులో ఉన్నాడు. టికెట్ వస్తుంది, పదేళ్ల కిందట ఎవరో రాసిన జావా కోడ్‌లో ఎక్కడో ఒక కండిషన్ మారుస్తాడు, టికెట్ మూసేస్తాడు. తెలివి తక్కువేమీ లేదు. ఎవరి కోడ్ ఇచ్చినా తేడా ఎక్కడ కొడుతోందో చప్పున పట్టేస్తాడు. ఖాళీ ఫైల్ ముందు కూర్చోబెడితే మాత్రం చెయ్యి ఆడదు. రాత్రిళ్లు కోర్సులు చూసేవాడు. తొమ్మిది సర్టిఫికెట్లు ఉన్నాయి. కోడ్ పెట్టుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో ఏడు రిపోలు (ప్రాజెక్టు ఫోల్డర్లు) ఉన్నాయి, అందులో మూడు టు-డూ యాప్‌లే. అన్నీ మొదటి కమిట్ (దాచిన మార్పు) దగ్గరో మూడో కమిట్ దగ్గరో ఆగిపోయాయి.

అతను నన్ను అడిగింది ఇది: “అక్కా, ఓపెన్ సోర్స్‌లో ఏదైనా చేస్తే రెజ్యూమేకి బాగుంటుందట. ఎక్కడ మొదలుపెట్టాలి?”

అసలు సమస్య

రిపోలు ఏడూ తెరిచి చూశాక నాకర్థమైంది వేరు. ఓపెన్ సోర్స్ ఎక్కడ దొరుకుతుందో తెలియక ఆగిన మనిషి కాదు. అతను మొదలుపెట్టిన ఏ పనికీ ‘ఇక్కడికి అయిపోయింది’ అనే గీత లేదు. టు-డూ యాప్‌కి లాగిన్ పెట్టొచ్చు, రంగులు మార్చొచ్చు, ఇంకో ఫ్రేమ్‌వర్క్‌లో మళ్లీ రాయొచ్చు. ఎక్కడ ఆపినా సగమే. పైగా వాటిని వాడేవాళ్లెవరూ లేరు, కాబట్టి ఆగిపోతే అడిగేవాళ్లూ లేరు.

నా ముందు మూడు దారులున్నాయి. మొదటిది, పెద్ద ప్రాజెక్టుకి పుల్ రిక్వెస్ట్, అంటే ‘నా మార్పు చేర్చుకోండి’ అనే విన్నపం, పంపించడం. అందరూ చెప్పే సలహా ఇదే, నాకు ముందునుంచీ దీని మీద అనుమానం. కొత్తవాళ్లు పంపే మొదటి పుల్ రిక్వెస్ట్ సాధారణంగా రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయం రాసే ఫైల్) స్పెల్లింగ్ దిద్దడం. గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) వాడటం వస్తుంది, మంచిదే, కానీ ఏది చేర్చాలి ఏది వద్దనాలి అనే నిర్ణయం వాళ్లది కాదు. ఓపెన్ సోర్స్‌కి పుల్ రిక్వెస్టులు పంపే హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో 2020లో ఉచిత టీషర్టు కోసం వేలమంది ఇలాంటివే పంపి, ప్రాజెక్టులు నడిపేవాళ్లకు విసుగు తెప్పించారు. చివరికి ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే లెక్క అని రూల్ మార్చాల్సి వచ్చింది. రెండోది, ఇంకో యాప్. అంటే ఎనిమిదో రిపో. మూడోది, చిన్న లైబ్రరీ.

లైబ్రరీ వైపు మొగ్గడానికి నా లెక్క ఒకటే. స్క్రీన్ లేదు, సర్వర్ లేదు, లాగిన్ లేదు. లోపలికి ఒకటి పోతుంది, బయటికి ఒకటి వస్తుంది. ఏం వస్తుందో ముందే మాట ఇవ్వాలి, ఇచ్చాక నిలబెట్టుకోవాలి. కుర్రాడికి అలవాటు లేనిది సరిగ్గా అదే. చిన్నదైతే ఎవరు వాడతారని అతను అడిగాడు. 2016లో ఎన్‌పీఎం అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండారం నుంచి లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని రాసినాయన తీసేస్తే, దాని మీద ఆధారపడ్డ ప్రాజెక్టుల బిల్డులు ప్రపంచమంతా ఆగిపోయాయని చెప్పాను. పదకొండు లైన్లకి లైబ్రరీ అవసరమా అన్నది వేరే చర్చ.

మొదటి ప్రయత్నం, మొదటి తప్పు

కుర్రాడు వారంలో ప్లాన్‌తో వచ్చాడు: తెలుగుకి సంపూర్ణ టూల్‌కిట్. లిప్యంతరీకరణ, సంధి విడదీయడం, స్పెల్ చెక్, ఛందస్సు, ధాతువులు పట్టడం. అతని తాతయ్య, అమ్మ వాళ్ల నాన్న, రిటైరైన తెలుగు పండితులు. ఇల్లంతా పద్యాలే. తెలుగు మీద ఆసక్తి అక్కడినుంచి వచ్చింది, అది నిజమైనది. నేను “చూద్దాం, మొదలుపెట్టు” అన్నాను. అనకూడదు. ఉత్సాహం మీద నీళ్లు చల్లడం ఎందుకనుకున్నాను, కానీ అతని జబ్బే ఉత్సాహం.

రెండు వారాలయ్యేసరికి పది ఫోల్డర్లు తయారయ్యాయి. ప్రతి ఫోల్డర్‌లో ఖాళీ ఫైల్. అందమైన లోగో కూడా వచ్చింది. కోడ్ ఉన్నది సంధి ఫోల్డర్‌లో మాత్రమే, అదీ పెద్ద తలనొప్పిగా. సంధి కలపడం సూత్రాలతో కొంతవరకు చేయొచ్చు. విడదీయాలంటే మాట అర్థం తెలియాలి. ఒకే మాటను రెండు మూడు చోట్ల విరవొచ్చు, ఏది సరైనదో వాక్యం చెబుతుంది. అతను ఒక్కో మినహాయింపుకి ఒక్కో ఇఫ్ పెట్టుకుంటూ పోయాడు. ఐదో వారం ఫోన్ ఎత్తలేదు. ఏడు రిపోల చరిత్ర తెలుసు కాబట్టి నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు.

ఆరో వారం నేనే పిలిచి టీ తాగుతూ అడిగాను. ప్రాజెక్టు సంగతి వదిలెయ్, ఇన్ని రోజుల్లో నీకు నిజంగా చిరాకు తెప్పించింది ఏది? తాతయ్య ముందు పరువు పోయిందన్నాడు. ‘స్త్రీ’ అనే మాట పొడవు ఎంతో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషని అడిగి చూపించాడట. ఆరు అని వచ్చింది. తాతయ్య కళ్లజోడు సవరించుకుని, “ఒరేయ్, అది ఒక్కటే అక్షరంరా. నీ కంప్యూటర్‌ని మళ్లీ ఒకటో తరగతిలో చేర్పించు” అన్నారట.

కంప్యూటర్ అబద్ధం చెప్పలేదు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: లిపుల గుర్తులకి నంబర్లిచ్చే యూనికోడ్ ప్రమాణం లెక్కలో ఆరు కోడ్ పాయింట్లే, అంటే ఆరు నంబర్లు. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఫైల్‌లో దాచితే పద్దెనిమిది బైట్లు. తాతయ్య లెక్కలో ఒకటి. ఆ ఆరుకీ ఒకటికీ మధ్యనున్న దూరమే మన లైబ్రరీ అని అక్కడికక్కడే తేల్చుకున్నాం. తెలుగు పాఠం ఇస్తే అక్షరాల జాబితా ఇవ్వాలి. మిగతా తొమ్మిది ఫోల్డర్లూ నా ఎదురుగానే డిలీట్ చేయించాను. లోగో మాత్రం ఉంచుకుంటానన్నాడు. సరే అన్నాను.

కోడ్ కంటే ముందు రీడ్‌మీ

ఈసారి కోడ్ ముట్టుకోనివ్వలేదు. ముందు రీడ్‌మీ రాయమన్నాను. ఇది ఏం చేస్తుంది నాలుగు వాక్యాలు, ఏం చేయదు నాలుగు వాక్యాలు. ‘చేయదు’ భాగానికి అతనికి రెండు రోజులు పట్టింది. రాస్తుంటే ఇష్టమైనవన్నీ వదులుకుంటున్నట్టు ఉందన్నాడు.

రాయడం మొదలుపెట్టాక అసలు ప్రశ్న బయటపడింది. అక్షరం అంటే ఏమిటి? ‘రామున్’ అన్న మాట తీసుకోండి. యూనికోడ్ పద్ధతిలో విడగొడితే రా, ము, న్ అని మూడు ముక్కలు. ఛందస్సు తెలిసినవాళ్లకి రెండే: రా, మున్. పొల్లు ముందున్న అక్షరంలో కలిసిపోయి దాన్ని గురువు చేస్తుంది. గళ్లనుడికట్టు తయారుచేసే వ్యక్తికి న్ వేరే గడిలో కావాలనిపించవచ్చు. ఇద్దరిలో ఎవరూ తప్పు కాదు.

కుర్రాడు ఒకే ఫంక్షన్ పెట్టి, రెండో ఆర్గ్యుమెంట్‌గా ట్రూ లేదా ఫాల్స్ ఇస్తే పొల్లు కలపాలో వద్దో తేలుస్తుందన్నాడు. ఆర్నెల్ల తర్వాత వేరేవాళ్ల కోడ్‌లో ఆ ట్రూ కనిపిస్తే నీకేమైనా అర్థమవుతుందా అని అడిగాను. ఆలోచించి రెండు ఫంక్షన్లు చేశాడు. ఒకటి పొల్లును వదిలేస్తుంది, ఇంకోటి కలుపుతుంది. పేర్లే ఆ సంగతి చెబుతాయి. ఫంక్షన్ల పేర్లు తెలుగు లిపిలోనే పెడదామని సరదా పడ్డాడు. పైథాన్ 3 ఒప్పుకుంటుంది కూడా. కానీ ఆ పేరు టైప్ చేయాలంటే వాడేవాళ్ల కీబోర్డులో తెలుగు ఉండాలి. చివరికి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు పెట్టాడు.

ఇంకో ప్రశ్న కూడా వేశాడు, మంచి ప్రశ్న: ఈ పని ఇప్పటికే ఎవరైనా చేసి ఉంటే? చేశారు. పైథాన్‌కి రీజెక్స్ అనే బయటి మాడ్యూల్ ఉంది, అది గ్రాఫీమ్ క్లస్టర్లుగా, అంటే చదివేవాళ్లు ఒకటిగా చూసే ముక్కలుగా, విడగొడుతుంది. అయితే యూనికోడ్ నియమాల ప్రకారం 2023లో 15.1 వర్షన్ వచ్చేదాకా తెలుగు సంయుక్తాక్షరం ఒకే క్లస్టర్ కాదు. పాత నియమంలో ‘స్త్రీ’ స్, త్, రీ అని మూడు ముక్కలవుతుంది. ఆ సంగతంతా రీడ్‌మీలో రాయమన్నాను. మాకంటే పెద్దవి ఉన్నాయి, మీ అవసరం ఇదైతే అవే వాడండి అని కూడా. నేర్చుకోవడానికి కట్టిన లైబ్రరీ ఆ మాట దాచుకోవడం నాకు నచ్చదు.

లైసెన్స్, ఉద్యోగం

ఇక్కడ మూడు వారాలు ఆగాం. కుర్రాడికి చిరాకొచ్చింది, అయినా ఆపాను. మన కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు యజమానే. వారాంతంలో సొంత లాప్‌టాప్ మీద చేసింది అందులోకి రాదని వాదించుకోవచ్చు. కానీ చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో చాలా కంపెనీలు అంతకంటే వెడల్పుగా రాయించుకుంటాయి. అతని కాగితం తీసి చదివితే, బయట ఏదైనా ప్రచురిస్తే ముందు చెప్పాలని ఉంది. మేనేజర్‌కి మెయిల్ పెట్టించాను. అది హెచ్‌ఆర్‌కి, అక్కడినుంచి ఇంకెక్కడికో వెళ్లి, అభ్యంతరం లేదని తిరిగొచ్చింది. ఆ మెయిల్‌ని పీడీఎఫ్ చేసి దాచుకోమన్నాను.

లైసెన్స్ ఫైల్ లేకుండా గిట్‌హబ్‌లో పెడితే ఓపెన్ సోర్సే కదా అని అతని నమ్మకం. కాదు. చదవడానికి కనిపిస్తుంది అంతే, వాడుకునే హక్కు ఎవరికీ ఇచ్చినట్టు కాదు. షరతులు ఎక్కువున్న జీపీఎల్, తక్కువున్న ఎంఐటీ, రెండు లైసెన్సుల గురించీ మాట్లాడుకున్నాం. వంద లైన్ల కోడ్‌కి షరతులు పెంచితే ఎవరూ ముట్టుకోరని ఎంఐటీ తీసుకున్నాడు.

టెస్టుల దగ్గర కూడా హక్కుల ప్రశ్న వచ్చింది. ఒక వార్తా వెబ్‌సైట్ నుంచి వెయ్యి వాక్యాలు గీకి తెచ్చి రిపోలో పెట్టాడు. తీయించాను. బదులుగా తాతయ్య పాత లాంగ్‌బుక్కులో రెండు వందల చిల్లర మాటలు స్వయంగా రాసి, అక్షరానికీ అక్షరానికీ మధ్య పెన్సిల్‌తో అడ్డగీతలు పెట్టి ఇచ్చారు. మొత్తం ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన ఫైల్ అదే. ఆయనకి తెలియకుండానే టెస్ట్ కేసులు రాసిపెట్టారు.

కోడ్ ఎక్కడ విరిగింది

మొదటి వర్షన్ ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే గుర్తుల వరసని వర్ణించే సూత్రం. హల్లు, తర్వాత పొల్లూ హల్లూ ఎన్నిసార్లయినా, తర్వాత గుణింతం గుర్తు లేదా పొల్లు, తర్వాత సున్నా లేదా విసర్గ. చూడటానికి ముచ్చటగా ఉంది. తాతయ్య జాబితాలో పదకొండు మాటలు తప్పాయి.

కొన్ని తేలికగా దొరికాయి. హల్లులంటే క నుంచి హ దాకా అని రాసుకున్నాడు. ‘ౘ’, ‘ౙ’ యూనికోడ్‌లోకి ఆలస్యంగా, 2008లో వచ్చాయి. కాబట్టి వాటి చోటు ఆ వరసలో లేదు, హ దాటాక ఎక్కడో ఉంది. తాతయ్య తరంవాళ్లు వాటిని పట్టుదలగా రాస్తారు. అందుకే పట్టుబడింది.

ఒకటి మాత్రం మూడు రాత్రులు తిన్నది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటకి ఐదు ముక్కలొస్తున్నాయి, స్క్రీన్ మీద నాలుగే కనబడుతున్నాయి. మధ్యలో ఖాళీ ముక్క ఒకటుంది కానీ అది స్పేస్ కాదు. నాకు వెంటనే అర్థమైంది, చెప్పలేదు. ఎందుకంటే సపోర్ట్ ప్రాజెక్టులో అతను చేసే పని ఇదే. ఎవరిదో కోడ్‌లో తేడా పట్టడం వచ్చినవాడు తన కోడ్‌లోనూ పట్టగలడని అతనికే తెలియాలి. “కంటితో చూడకు, ఒక్కో కోడ్ పాయింట్ నంబరు ప్రింట్ చేసి చూడు” అన్నాను అంతే. మూడో రాత్రి పన్నెండున్నరకి మెసేజ్ వచ్చింది: “దొరికింది అక్కా, దెయ్యం!” ఆ దెయ్యం పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘ట్’ కింద ‘వ’ వత్తుగా చేరకుండా ఆపడానికి మనం టైప్ చేసే కనిపించని అక్షరం. తెలుగులో ఇంగ్లీషు మాటలు రాసే చాలా చోట్ల ఉంటుంది. దాన్ని ముందున్న ముక్కకే అతికించాడు.

తర్వాతది నిర్ణయానికి సంబంధించింది. ఐత్వం గుర్తుని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే కోడ్ పాయింట్‌గా, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు ముక్క కలిపి రెండుగా. చూడటానికి ఒకటే. లోపలికొచ్చిన పాఠాన్ని మొదటే ఎన్ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక రూపంలోకి మార్చేస్తే గొడవ ఉండదని నా మొదటి ఆలోచన. కుర్రాడు అడ్డుపడ్డాడు. రీడ్‌మీలో అతను ఒక వాక్యం రాసుకున్నాడు: ముక్కలన్నీ మళ్లీ కలిపితే ఇచ్చిన పాఠం ఉన్నదున్నట్టు రావాలి. లోపల మార్చేస్తే ఆ మాట తప్పినట్టే. అతనిదే సరైనది. రెండు రూపాలనూ గుర్తించేలా రాశాడు, దేన్నీ మార్చలేదు. మొదటి ఐదు వారాల్లో ఇలా అడ్డుపడేవాడు కాదు. అప్పుడు కాపాడుకోవడానికి రాసుకున్న వాక్యమేదీ లేదు.

ఆ వాక్యాన్నే హైపోథెసిస్ అనే టెస్టింగ్ లైబ్రరీకి అప్పగించాం. అది అడ్డదిడ్డమైన పాఠాలు పుట్టించి విసురుతుంది. మాట మొదట్లోనే పొల్లు, వరసగా రెండు పొల్లులు, హల్లు లేకుండా తేలే గుణింతం గుర్తు. ఏ తెలుగువాడూ అలా రాయడు కానీ, పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే ఇలాంటివే వస్తాయి. అర్థం లేని గుర్తు వస్తే దాన్నొక ముక్కగా వదిలేయాలని, ఎర్రర్ ఇవ్వకూడదని తేల్చుకున్నాడు.

ప్రచురణ రోజు

పైపీఐలో, అంటే పైథాన్ లైబ్రరీలు అందరికీ దొరికే చోట, పెట్టడానికి ఆదివారం సాయంత్రం కూర్చున్నాం. అనుకున్న పేరు దొరకలేదు. హైఫన్ తీసి అండర్‌స్కోర్ పెడదామన్నాడు. పైపీఐకి రెండూ ఒకటే, చుక్కా ఒకటే, పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా కూడా లేదు. పేరు మార్చాడు. లోగోలో పాత పేరుంది. అలా లోగో కూడా పోయింది.

నేను ముందే జాగ్రత్త చెప్పాను: అసలు చోట పెట్టేముందు టెస్ట్ పైపీఐలో (ప్రయోగాల కోసం ఉన్న నకలు) పెట్టి చూడు. పెట్టాడు, ఎక్కింది. తర్వాత అసలు చోట 0.1.0 వర్షన్ పెట్టాడు. ఇద్దరం సంబరపడ్డాం. నా లాప్‌టాప్‌లో పిప్ అనే టూల్‌తో ఇన్‌స్టాల్ చేసి ఇంపోర్ట్ చేస్తే అలాంటి మాడ్యూలే లేదంది.

వీల్ ఫైల్‌ని, అంటే ఎక్కించిన ప్యాకేజీని, విప్పి చూస్తే లోపల పేరు, లైసెన్స్, రీడ్‌మీ ఉన్నాయి, కోడ్ లేదు. ఫోల్డర్ పేరు మార్చినప్పుడు సెట్టింగుల ఫైల్‌లో మార్చడం మర్చిపోయాడు. మరి టెస్టులన్నీ ఎలా పాసయ్యాయి? ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే నిలబడి నడిపితే పైథాన్ ఇన్‌స్టాలైన ప్యాకేజీని చూడదు, పక్కనున్న ఫోల్డర్‌నే తీసుకుంటుంది. తప్పు అతనిది అనుకుంటే సులువే. కానీ టెస్ట్ పైపీఐలో ‘పెట్టి చూడు’ అన్నాను గానీ, అక్కడినుంచి వేరే చోట ఇన్‌స్టాల్ చేసి చూడమని నేను చెప్పలేదు. ఎక్కించడం వచ్చిందా అని పరీక్షించాం. దిగిందా అని చూడలేదు. అది నా రెండో తప్పు.

కుర్రాడు చెమటలు పట్టి, 0.1.0ని డిలీట్ చేసి మళ్లీ అదే నంబరుతో ఎక్కించబోయాడు. పైపీఐ ఒప్పుకోదు. ఒకసారి వాడిన ఫైల్ పేరు డిలీట్ చేసినా మళ్లీ రాదు. అప్పటికే ఎవరైనా దించుకుని ఉంటే, ఒకే నంబరుతో రెండు వేర్వేరు వస్తువులు తిరుగుతాయి కాబట్టి ఆ నియమం సబబే. డిలీట్‌కి బదులు యాంక్ అనే మార్గం ఉందని, దానివల్ల కొత్తగా వెతికేవాళ్లకి ఆ వర్షన్ తగలదని, ఖచ్చితంగా అదే కావాలన్నవాళ్లకి మాత్రం దొరుకుతుందని అప్పుడు చెప్పాను. కాసేపటికి 0.1.1 వచ్చింది. కోడ్‌ని ఎస్‌ఆర్‌సీ అనే లోపలి ఫోల్డర్‌లోకి జరిపాడు. అలా ఉంటే ఇన్‌స్టాల్ కాకుండా టెస్టులు నడవవు, ఈ మోసం మళ్లీ జరగదు.

మర్నాడు ఆఫీసు నుంచి ఫోన్: “అక్కా, డౌన్‌లోడ్లు వందలు దాటాయి!” కొత్త ప్యాకేజీ ఏది పడినా మిర్రర్లూ (నకలు దాచే సర్వర్లు), వైరస్ వెతికే స్కానర్లూ వాటంతటవే దించుకుంటాయి. చెప్పాలా వద్దా అని ఒక పూట ఆగాను. సాయంత్రం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అంటే మనిషి ఒక్కడూ లేడా?” అన్నాడు. తాతయ్య ఉన్నారుగా అన్నాను.

గురువు, లఘువు, నా మూడో తప్పు

రెండు నెలల తర్వాత ఒక మనిషి దొరికాడు. తెలుగు పద్యాల మీద ఏదో సొంతంగా చేసుకుంటున్న అపరిచితుడు గిట్‌హబ్‌లో ఇష్యూ (అభ్యర్థన) తెరిచాడు. అక్షరాలు బాగానే విడగొడుతున్నారు, గురులఘువులు కూడా చెబితే బాగుంటుంది అని. కుర్రాడు నన్ను అడక్కుండానే వారంలో 0.2.0 వదిలాడు. నాకేం బాధ కలగలేదు. ఖాళీ ఫైల్ ముందు కూర్చోలేని మనిషి వారంలో రిలీజ్ చేశాడు.

సూత్రం తేలికగానే కనిపిస్తుంది. దీర్ఘమైతే గురువు. సున్నా, విసర్గ, పొల్లు ఉంటే గురువు. సంయుక్తాక్షరం ముందున్నది గురువు. మిగతావి లఘువులు. ‘వికృతి’లో కృ కింద కనబడేది వత్తు కాదు, ఋ అచ్చు గుర్తు, కాబట్టి ‘వి’ లఘువే. అదే ‘విక్రుతి’ అని తప్పుగా టైప్ చేస్తే ‘వి’ గురువైపోతుంది. ఇలాంటివి కోడ్‌కి మనిషికంటే బాగా తెలుసు, దాని కంటికి ఆకారం కనబడదు కాబట్టి.

తాతయ్య తనకి తెలిసిన శతక పద్యాలు కొన్ని ఇచ్చి నడిపిస్తే చాలా పాదాల్లో గణాలు తప్పాయి. కారణం ఆయనే చెప్పారు. ‘అది ప్రజల సొమ్ము’ అంటే ‘ది’ లఘువే, పక్క మాట మొదట్లో ప్ర ఉన్నా సరే. ‘దేవప్రసాదం’ సమాసం, అక్కడ ‘వ’ గురువు. మరి ఎవరైనా ‘దేవ ప్రసాదం’ అని విడదీసి రాస్తే? కోడ్‌కి కనిపించేది ఖాళీ ఒక్కటే, సమాసం కనిపించదు. ఇక ‘అద్రుచు’ లాంటి మాటల్లో ర వత్తుని తేల్చి పలికితే ముందున్న ‘అ’ లఘువుగానే ఉంటుంది. అది పలుకులో ఉంది, రాతలో లేదు.

సంధి ఫోల్డర్ కథ మళ్లీ మొదలైందని నాకనిపించింది. తీసెయ్ అన్నాను. ముందు 0.2.1లో హెచ్చరిక పెట్టు, 0.3.0లో ఫంక్షన్ తీసెయ్, వర్షన్ ఇంకా 0తోనే మొదలవుతోంది, అంటే మార్పులుంటాయని ముందే చెప్పినట్టే కాబట్టి ఎవరికీ మాట తప్పినట్టు కాదు, రీడ్‌మీలో ‘చేయదు’ కింద రాసెయ్. నా తర్కం గట్టిదే: తప్పు చెప్పే ఫంక్షన్ కంటే లేని ఫంక్షన్ నయం.

అతను రెండు వారాలు జవాబివ్వలేదు. మళ్లీ ఫోన్ ఎత్తని రోజులొచ్చాయేమో అనుకున్నాను. మూడో వారం బ్రాంచ్ (అసలు కోడ్‌కి పక్కన విడిగా రాసుకున్న రూపం) చూపించాడు. ఫంక్షన్ ఉంది, కానీ ఇప్పుడది రెండు కాదు, మూడు జవాబులిస్తుంది: గురువు, లఘువు, ప్రశ్నార్థకం. పక్క మాట సంయుక్తాక్షరంతో మొదలైనప్పుడు, ర వత్తు ముందున్నప్పుడు, అక్కడ ప్రశ్నార్థకం పెట్టి, ఎందుకు తేల్చలేకపోయిందో కారణం కూడా ఇస్తుంది. సంధిలో ఏ మాట దగ్గర సందేహం వస్తుందో ముందు చెప్పలేం. ఇక్కడ సందేహం ఎక్కడెక్కడ వస్తుందో లెక్కపెట్టి చెప్పొచ్చు. ఆ తేడా నేను చూడలేదు. పాత గాయం చూసి కొత్తదాన్ని కూడా కోసేయమన్నాను.

0.3.0గా అదే వెళ్లింది. పాత ఫంక్షన్ వాడుతున్న అపరిచితుడికి ఏం మారిందో ఛేంజ్‌లాగ్‌లో ఉదాహరణతో సహా రాశాడు. ఆయన బదులుగా పుల్ రిక్వెస్ట్ పంపాడు, తాతయ్య జాబితాలో లేని ముప్పై మాటలతో. కుర్రాడు అందులో నాలుగు వద్దన్నాడు, ఎందుకో మర్యాదగా రాశాడు. ఆ జవాబు నేను రెండుసార్లు చదివాను. మొదటి వారం నన్ను రెజ్యూమే గురించి అడిగిన మనిషి ఇలా రాయలేడు.

ఇలాంటి కేసు మళ్లీ వస్తే

లైబ్రరీకి విషయం ఎంచుకునేటప్పుడు ఏం కట్టాలనుకుంటున్నావని ఇకముందు అడగను. ఈమధ్య దేనివల్ల చిరాకు పడ్డావని అడుగుతాను. రీడ్‌మీలో ‘చేయదు’ భాగం పూర్తయ్యేదాకా ఫోల్డర్ తెరవనివ్వను. ప్రచురణ అంటే వేరే మెషీన్‌లో దించుకుని నడిపి చూడటం అని మొదటిరోజే చెబుతాను. ఉద్యోగ ఒప్పందం చదవడం ఆరో వారంలో కాకుండా మొదటి వారంలోనే చేయిస్తాను, అప్పుడు ఎదురుచూపు వృథా కాదు. పక్కన ఒక తాతయ్య ఉండాలి, అంటే కోడ్ రాకపోయినా విషయం తెలిసిన మనిషి. లేకపోతే టెస్టులన్నీ రాసినవాడి తలలోని తప్పులనే పాస్ చేస్తాయి. ఇది అందరికీ దొరకదని తెలుసు. ఈ కేసు నడవడంలో ఆ అదృష్టానికి ఎంత వాటా ఉందో నేను విడదీసి చెప్పలేను, నా సలహాలకంటే ఎక్కువే ఉండొచ్చు.

ఉద్యోగం సంగతి అడుగుతారేమో. అదే కంపెనీలో ఉన్నాడు. సపోర్ట్ నుంచి కొత్త కోడ్ రాసే టీమ్‌కి మారాడు, దానికి ఈ లైబ్రరీ కారణమో కాదో తెలియదు. ఒక ఇంటర్వ్యూలో రిపో తెరిచి, తొమ్మిది ఫోల్డర్లు డిలీట్ చేసిన కమిట్ గురించి మాత్రమే అడిగారట.

మొన్న ఒక ఆదివారం అడిగాడు: యూనికోడ్ కొత్త నియమం వచ్చింది, మిగతా లైబ్రరీలు దాన్ని అందుకుంటున్నాయి, మన మొదటి ఫంక్షన్ అవసరం తగ్గిపోతోంది, రిపోని ఆర్కైవ్ చేసేయనా, అంటే ఇక మార్పులు లేకుండా మూసేయనా? ఇంకా నిర్ణయించలేదు. ఆ వారమే తాతయ్యకి కొన్ని పద్యాలు లైబ్రరీలో నడిపి ప్రింట్ తీసి ఇచ్చాడట. ఆయన ప్రశ్నార్థకాలున్న చోటల్లా పెన్సిల్‌తో గురువో లఘువో దిద్దుకుంటూ వెళ్లి, ఒక పాదం దగ్గర ఆగి, పైకి రెండుసార్లు చదువుకుని, ఆ ఒక్క ప్రశ్నార్థకాన్ని అలాగే వదిలేశారట.